పొయ్యి వెలిగే వేళకు

మొదటిసారి ఆత్రేయపురం వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. రాజమండ్రిలో తీరుబడిగా భోంచేసి బస్సెక్కాం. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్లి, బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు దారి పట్టి ఊళ్లో దిగాం. రోడ్డుకు రెండు పక్కలా పూతరేకుల కొట్లు. కొన్నాం, అక్కడే నిలబడి చెరో రెండు తిన్నాం. రేకు ఎలా తీస్తారో చూడాలని ఉందంటే కొట్టు అబ్బాయి ఒక సందు చూపించాడు. ఆ సందు చివర పెంకుటిల్లు, వసారాలో మట్టి పొయ్యి, దాని మీద బోర్లించిన కుండ, పక్కన ఎండు కొబ్బరాకుల కట్ట. పొయ్యి మాత్రం చల్లారిపోయి ఉంది.

చేటలో బియ్యం ఏరుకుంటున్న ఆ ఇంటావిడ తలెత్తి చూసి, "ఇప్పుడొచ్చి రేకు తీయమంటే ఎలాగండీ బాబూ! తెల్లారకుండా కూకుంటే ఎండెక్కేసరికి లేచిపోతామండి. చూడాలనుంటే పొద్దున్నే రండి" అంది.

ఆ మాట నాలో ఉండిపోయింది. నలభై ఏళ్లుగా గోదావరి ఒడ్డునే ఉంటున్నవాణ్ణి. మా ప్రాంతం నాకు తెలుసు అనుకుంటూ వచ్చాను. నాకు తెలిసిందల్లా ఏది ఎక్కడ అమ్ముతారో. ఏది ఎప్పుడు తయారవుతుందో ఒక్కటీ తెలియదు. ఆ వారమే ఒక వంద పేజీల నోటుపుస్తకం కొన్నాను. ఊళ్ల పేర్లతో కాకుండా చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలల పేర్లతో పేజీలు విడదీశాను. నెలకు ఒక ఆదివారం, బస్సులో వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రాగలిగినంత దూరం. పద్ధతి అంతే. ఎనిమిదేళ్లుగా అదే సాగుతోంది.

మరుసటి ఆదివారం మొదటి బస్సుకే ఆత్రేయపురం వెళ్లాం. సందు మొదట్లోనే కొబ్బరాకు పొగ ఎదురొచ్చింది. ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. కుండ మూతి పొయ్యి వైపు, నున్నటి అడుగు పైకి. మామూలు వంట కుండ కాదది, ఈ పని కోసమే చేయించుకునేది. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండిని పాలకంటే కొంచెం చిక్కగా కలిపి పక్కన పెట్టుకుంది. పల్చటి గుడ్డను అందులో ముంచి, రెండు చేతులతో చాపి పట్టుకుని, కుండ మీద ఒక్కసారి ఇటునుంచి అటు లాగింది. లాగిన చోటల్లా పిండి తెల్లగా పూతపట్టి, మనం చూస్తుండగానే ఎండి, అంచులు లేచాయి. వేళ్లతో పట్టి ఎత్తి పక్కన పెట్టింది. మళ్లీ గుడ్డ, మళ్లీ పూత. పూతగా పూసి తీసే రేకు కాబట్టి పూతరేకు. చిన్నప్పటి నుంచి పలుకుతున్న మాట నాకు ఆ పీట పక్కన అర్థమైంది.

కట్టెలు ఎందుకు పెట్టరని అడిగాను. "కట్టె మంట ఎక్కువండి. కుండ మాడితే రేకు నల్లబడిపోద్ది. ఆకైతే గుప్పున మండి తగ్గుద్ది, మన చేతిలో ఉంటది" అంది. ఒక చేత్తో ఆకు తోస్తూ, ఇంకో చేత్తో రేకు ఎత్తుతూ, మాతో మాట్లాడుతూ కూడా ఆ వేడి ఎంతుందో ఆవిడకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా కుండను ముట్టి చూడలేదు. పిండి పడగానే వచ్చే చప్పుడును బట్టి ఆకు తోస్తోంది. అది గమనించడానికి నాకు అరగంట పట్టింది.

బియ్యం సంగతి కూడా అక్కడే తెలిసింది. ఏ బియ్యం పడితే అది పనికిరాదు. ఇక్కడ జయ రకం వాడతారు. రేకు సాగాలి, చిరగకూడదు, నోట్లో పెట్టుకుంటే కరగాలి. తీసిన రేకులను లెక్కపెట్టి కొట్లకు ఇస్తారు. చుట్టడం వేరే చేతుల పని. పొడి రేకు ముట్టుకుంటే చిట్లుతుంది కనుక తడి గుడ్డ తగిలించి మెత్తబరుస్తారు. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి, పైన ఇంకో రేకు వేసి మడత పెడతారు. బెల్లమా పంచదారా అన్నది ఇంటింటికీ తెగని తగవు. నా ఓటు బెల్లానికే. జీడిపప్పు, బాదంపప్పు కూరినవి చూడటానికి ఘనంగా ఉంటాయి కానీ రేకు రుచి వెనక్కి పోతుంది. నెయ్యీ బెల్లం మాత్రమే ఉన్నది అడిగి తినండి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరు ఉంది. మిఠాయి తయారుచేసేవాళ్ల సంఘానికి ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరేమిటని మొదట అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో కాలువ గట్టున బస్సు నడుస్తుంటే సమాధానం కిటికీలోంచి కనిపించింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల ఈ కాలువల్లో నీళ్లు పారాయి. ఆ నీటితోనే పక్కన వరి, గట్టున కొబ్బరి. రేకుకు బియ్యం ఆ చేలోది, పొయ్యిలో ఆకు ఆ చెట్టుది. ఆ పాత ఆనకట్ట స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. నేనైతే ముందు ఆత్రేయపురం వెళ్లి, వస్తూ అక్కడ దిగమంటాను. చేతికి నెయ్యి వాసన ఉండగా చూస్తే ఆ ఆనకట్ట నమూనాలు వేరుగా కనిపిస్తాయి.

అదే దారిలో ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి గుడిలో చాలామంది ముందు నిలబడి దండం పెట్టుకుని వెళ్లిపోతారు. వెనక్కి వెళ్లాలి. ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. జడ ముడి దగ్గర శిల్పి ఎంతసేపు ఆగాడో చూడండి.

పులస విషయంలో నేను చేసిన తప్పు ఇంకా మనసును పొడుస్తూనే ఉంది. హైదరాబాదు నుంచి మా వియ్యాలవారు సంక్రాంతికి వచ్చారు. గోదావరి జిల్లాకు వచ్చి పులస తినకుండా ఎలా వెళ్తామని వియ్యంకుడు సరదాపడ్డారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత ఊరికే వచ్చిందా అని నేనూ ఊగిపోయాను. ఒక హోటల్లో ఉందన్నారు. తెచ్చారు, తిన్నాం. బాగుందనే అన్నారు పాపం. ఆ తర్వాత ఆషాఢంలో రేవు దగ్గర ఒక పడవాయనతో మాటల్లో ఈ సంగతి చెప్తే ఆయన కాసేపు నా మొహం చూసి, "ఎర్రనీరు రాకుండా పులసెక్కడిదండీ?" అన్నాడు.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. ఈ చేప బతుకు సముద్రంలో. అక్కడ దాన్ని విలస అంటారు. వానాకాలం ఎగువన వానలు పడి గోదావరికి ఎర్రటి వరదనీరు వచ్చినప్పుడు, గుడ్లు పెట్టడానికి ఆ ప్రవాహానికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. తీపినీటిలో ఈదిన కొద్దీ దాని రుచి మారుతుంది, అప్పుడు పులస అవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాకా రాగలదు, ఆపైన దారి లేదు. అంటే ఏడాదిలో కొన్ని వారాలు, నదిలో కొంత దూరం, అంతే దాని ఉనికి. సంక్రాంతికి నేను పెట్టించింది ఐసులో దాచిన సముద్రపు చేప అయ్యుంటుంది. మా వియ్యంకుడికి ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాను. చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. ఆ వెంటనే శ్రావణంలో ఇంట్లోనే వండించాను అనుకుంటారేమో, లేదు. ఆ ఏడు దొరికినవే తక్కువ, ధర అందలేదు. మరుసటి ఏడు ఇద్దరు అన్నదమ్ములం కలిసి ఒకటి కొన్నాం. మా వదిన చింతపులుసులో బెండకాయలు వేసి, సన్న సెగ మీద మట్టి దాకలో ఉడికించి, "ఇవాళ ఎవరూ ముట్టుకోవద్దు" అని మూతపెట్టేసింది. మర్నాటికి ముక్కలోకి పులుసు దిగింది. ముళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పలేను. ఒక్కో ముల్లూ తీసుకుంటూ తింటే మాటలు ఆగిపోతాయి. ఆ పూట మా ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

పుస్తకంలో కొన్ని పేజీలు త్వరగా నిండిపోయాయి. చైత్ర వైశాఖాల్లో తాటి ముంజలు, అదీ పొద్దున కోసిన గెలవి. ఎండెక్కితే వాటి నీరు వేడెక్కి రుచి పోతుంది. పుష్యంలో తేగలు. తాటి టెంకలను ఇసకలో పాతరేసి, మొలకెత్తాక తవ్వి, తంపటి వేసి అమ్ముతారు. మా అమ్మాయికి తేగ కంటే టెంక పగలగొడితే వచ్చే బుర్రగుంజు మీద మోజు. చలికాలం ఉదయం కడియం వైపు వెళ్తే నర్సరీల్లో చామంతులు, బంతులు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో కోవా వేసిన రోజ్ మిల్క్‌కు మాత్రం ఏ నెలైనా ఒకటే, సాయంత్రం అయితే చాలు.

దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీ మా రాజమండ్రిలోనే ఉంది. 1897లో పుట్టిన ఆ చిత్రకారుడు 1925లో మసూచితో వెళ్లిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఏముందో చూసి బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. మా వీధిలో ఎంతమంది ఆ గ్యాలరీ చూశారని అడిగితే ఇద్దరు చేయెత్తారు. నేను నాలుగుసార్లు వెళ్లాను. మొదటి మూడుసార్లు అన్ని బొమ్మలూ చూశాను. నాలుగోసారి సిద్ధార్థ రాగోదయం ఒక్కటే చూసి వచ్చేశాను. బొమ్మల విషయంలో అదే నా మంచి ఆదివారం.

అంబాజీపేట వెళ్లాలంటే మాత్రం పరగడుపున వెళ్లాలి. అక్కడి పొట్టిక్కలు వేడిగా ఉండగా తినాలి. పనసాకులను కొబ్బరి ఈనెలతో కుట్టి బుట్టలు చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే పిండి మీద ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. ఆ పనసాకు వాసన చల్లారితే ఉండదు, పొట్లం కట్టుకుని వస్తే అసలే ఉండదు. ఒకసారి ఇంటికి తెచ్చి ఈ సంగతి తెలుసుకున్నాను. ఇప్పుడు మా ఆవిడ పొట్టిక్క కావాలంటే నాతోపాటు ఐదింటికి లేస్తుంది.

ఈ ఏడు కనుమకు జగ్గన్నతోట వెళ్లాం. మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది. గుడి ఉండదు, గోపురం ఉండదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఆ ఒక్కరోజు అక్కడ కలుస్తారు. ఒక్కో ఊరి దేవుడు ఒక్కో ప్రభ మీద వస్తాడు. వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, గంటలు కట్టిన ఎత్తైన ప్రభలను మనుషులే భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. శకటం మీద చూపించలేనిది కౌశిక కాలువ దాటడం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఆ కాలువలో దిగి, మెడలోతు నీళ్లలో వాటిని మోసేవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటూ, ప్రభ ఒరగకుండా అవతలి గట్టెక్కిస్తారు. "శరభా!" అన్న కేక లేచినప్పుడు ఒడ్డున నిలబడ్డ నా గొంతులోంచి కూడా అదే వచ్చింది. అక్కడినుంచి పచ్చటి వరిచేల మధ్యగా నడక. చేను తొక్కుడుపడుతుంది. ఆ రైతు గట్టున చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. నష్టం కదండీ అని అడిగితే, "స్వామి నడిచాడండి" అన్నాడు, నావైపు తిరగకుండానే.

మధ్యాహ్నం తోటలో ఒక ప్రభ నీడన కూర్చున్నాం. పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఊడిపోయిన ఒక గంటను పురికొసతో బిగిస్తున్నాడు. ప్రభ ఎంత బాగుందో, ఎంత జనమో అని ఏదో చెప్పబోయాను. ఆయన ముడి వేసి, కొస పళ్లతో తెంపి అన్నాడు.

"ఇవాళ జనాన్ని చూస్తారు గానండి, ప్రభని చూడాలంటే కట్టేటప్పుడు రావాలండి. పండక్కి ముందే వెదురు దిగుద్ది. రాత్రుళ్లు కడతాం. మా పిల్లలంతా అక్కడే ఉంటారు. రండి, మీరూ ఓ చెయ్యేద్దురు గాని."

సంచిలోంచి పుస్తకం తీశాను. పుష్యం పేజీలో తేగల పక్కన ఖాళీ ఉంది. ఆయన ఊరి పేరు, వెదురు దిగే రోజు అడిగి రాసుకున్నాను.