కూడు – ఋణం – పొత్తు: పల్నాటి నేపథ్యంలో ఆంగ్ల, తెలుగు భోజనసంబంధ జాతీయాల పరిశీలన

సంగ్రహం:
ఆంగ్లంలోని ఆహారసంబంధ జాతీయాలకు తెలుగు సమానార్థకాలను జతపరచడం పాఠ్యబోధనలో పరిపాటి. ఈ పద్ధతిలో అర్థం కుదిరినా, జాతీయం వెనుకనున్న సామాజికసంబంధం మరుగున పడుతుంది. పల్నాటి వీరగాథా సంప్రదాయంలోని ‘చాపకూడు’ ఆధారంగా ఈ పరిమితిని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జాతీయం, కూడు, చాపకూడు, పొత్తు, పల్నాడు.

1. సమానార్థకాల పరిమితి
‘బ్రెడ్ అండ్ బటర్’ అంటే జీవనాధారం. దీనికి ‘కూడూ గుడ్డా’ అనీ, ‘కూటి కోసం కోటి విద్యలు’ అనీ సమానార్థకాలు చూపవచ్చు. ‘వర్త్ వన్స్ సాల్ట్’ అనేది చేసే పనికి తగిన సామర్థ్యాన్ని సూచిస్తుంది. తెలుగులో ‘ఉప్పు తినడం’ సామర్థ్యాన్ని చెప్పదు, విశ్వాసాన్ని చెబుతుంది. వస్తువు ఒకటే అయినా ఆంగ్లంలో ఉప్పు పనికి కొలత, తెలుగులో అది తీర్చవలసిన ఋణం. అన్నం పెట్టిన చేతిని కరవడాన్ని నిందించే జాతీయం ఆంగ్లంలోనూ ఉంది కనుక ఈ భేదాన్ని రెండు జాతుల స్వభావభేదంగా సాధారణీకరించరాదు. ఏ జాతీయం ఏ సంబంధాన్ని మోస్తున్నదో విడివిడిగా పరిశీలించాలి.

2. ఆతిథ్యం – ఋణం
దాచేపల్లి మండలంలోని గామాలపాడు పరిసరాలతో నాయకురాలు నాగమ్మ కథ ముడిపడి ఉంది. రాజపరివారానికి ఆతిథ్యమిచ్చి, దానికి ప్రతిఫలంగా ఆమె మంత్రిత్వాన్ని పొందిందని జనశ్రుతి. ఇక్కడ భోజనం ఋణాన్ని సృష్టించింది, ఆ ఋణం అధికారంగా మారింది. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ వంటి జాతీయాలకు మూలమైన భావన ఇదే. పెట్టినవారు ఒక మెట్టు పైన, తిన్నవారు ఒక మెట్టు కింద ఉంటారు.

3. చాపకూడు – పొత్తు
బ్రహ్మనాయుడి పేర ప్రసిద్ధమైన చాపకూడు దీనికి భిన్నం. కులభేదం పాటించక అందరూ ఒక్కచోట కూర్చుండి భుజించడం దాని స్వరూపం. కారెంపూడిలో ఏటా జరిగే వీరారాధనోత్సవాలలో మందపోరు నాడు దీనిని నేటికీ ఆచరిస్తున్నారు. ‘కూటికి పేదైతే కులానికి పేదా?’ అనే సామెత కూటిని, కులాన్ని వేరుచేసి, ఆకలిలోనూ కులగౌరవాన్ని నిలుపుతుంది. చాపకూడు ఆ ఎడబాటునే ప్రశ్నిస్తుంది. అయితే ‘కంచం పొత్తేగాని మంచం పొత్తు లేదు’ అనే నానుడి సహపంక్తికి గల హద్దును కూడా గుర్తుచేస్తుంది. ఒక పూట కలిసి తినడం వల్లనే వియ్యం, ఆస్తి, అధికారం సమానం కావు. చాపకూటిని ప్రశంసించే విమర్శ ఈ హద్దును విస్మరించరాదు.

ఆంగ్లంలోని ‘కంపానియన్’ పదానికి లాటిన్ మూలాన్నిబట్టి రొట్టెను పంచుకొనేవాడని అర్థం. చాపకూటికి నిజమైన సన్నిహితరూపం జాతీయాల పట్టికలో గాక ఈ పదచరిత్రలో లభించడం గమనార్హం. కాని నేటి ఆంగ్లవ్యవహర్తకు ఆ రొట్టె స్ఫురించదు. పల్నాటిలో చాపకూడు ఇంకా ఆచరణలో ఉన్నందున పదంలోని కూడు వ్యవహర్తకు కనబడుతూనే ఉంది.

4. ‘కూడు’ పదగౌరవం
శిష్టవ్యవహారంలో ‘అన్నం’, ‘భోజనం’ గౌరవపదాలుగా స్థిరపడగా, ‘కూడు’ నేడు మోటుగానో, నిందగానో వినిపిస్తుంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు జొన్నకూటిని పరిహసించాయి. వరి అన్నానికి అలవాటుపడిన రుచి, మెట్టపంటల సీమను చూచిన చూపు అది. అదే సీమ తన సమతాదర్శానికి ‘కూడు’ అనే పేరునే నిలుపుకొన్నది. పదం హీనమైనది కాదు, దానిని తినేవారిపట్ల గల చూపే పదానికి అంటుకొన్నది.

ముగింపు:
‘కూడు’ అనే ఒక్క మాట జీవనాధారాన్ని, కులగౌరవాన్ని, సహపంక్తిని వేర్వేరు సందర్భాలలో సూచించింది. పక్కపక్కన రెండు గడులు గీసి ఆంగ్లజాతీయానికి తెలుగు మాట నింపే బోధన ఈ పొరలను అందించలేదు. దాచేపల్లి వంటి చోట ఆంగ్లజాతీయాలు నేర్చే విద్యార్థికి తన ఊరి మాటలోని చరిత్ర కూడా తెలిసినప్పుడే తులన సార్థకమవుతుంది. ఎవరు పెట్టారు, ఎవరు తిన్నారు, ఎవరితో కలిసి తిన్నారు అనే ప్రశ్నలు ఆ తులనకు ఆరంభం కావాలి.