మొరం మీద ముందు చక్రం

ఎ.కొండూరు మండలంలో తారు రోడ్డు వదిలి తండాల వైపు, మామిడి తోటల వైపు మళ్లే మట్టిదారుల్లో రోజూ సైకిలు తొక్కేవాళ్లు మౌంటెన్ బైకింగ్ అన్న మాట విని ఉండకపోవచ్చు. ఆ ఆటలోని సగం విద్య మాత్రం వాళ్ల ఒంటికి ఎప్పుడో పట్టేసింది. ఇసుక తగిలితే హ్యాండిల్‌ను బిగబట్టకూడదు. గులకరాళ్ల మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. ఎత్తు మొదలయ్యేలోపే ఊపు అందుకోవాలి. లక్షలు పోసి గేర్ల సైకిలు కొన్నవాళ్లయినా కొండెక్కాక మొదట నేర్చుకోవలసింది వీటినే.

అసలు ఈ ఆట పుట్టింది పాత సైకిళ్ల మీదే. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930, 40ల నాటి లావు టైర్ల సైకిళ్లను బాగుచేసుకుని కొండదారుల్లో కిందికి ఉరికించేవారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకున్నారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ దిగుడుకి కాగిపోయి, ఇరుసులోని గ్రీజు పొగైపోయేది. దిగాక ఇరుసు విప్పి మళ్లీ గ్రీజు నింపుకోవాల్సిందే. ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే కొండ సైకిలును బజారులోకి తెచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ నాటికి కుర్రాళ్ల సరదా పతకాల పోటీ అయింది.

తెలుగు నేలలో ఈ ఆటకు పనికొచ్చే లావా గుట్టలూ ఉన్నాయి, పైన్ తోటలూ ఉన్నాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను మీద పొరలు పొరలుగా లావా పారింది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరుచుకుని ఉంది. ఎ.కొండూరుకు తూర్పున వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, దేవరపల్లి మండలం గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి ఆ లావాయే. పడమటి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి దాకా వచ్చిందనీ, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటనీ భూవిజ్ఞానులు అంటారు. ఒక ప్రవాహానికీ మరోదానికీ మధ్య చిక్కుకున్న సున్నపురాయి పొరలో శిలాజాలుగా మారిన గవ్వలు ఇప్పటికీ దొరుకుతాయి.

లావా నేల మీద సైకిలు తొక్కాలంటే మాత్రం వికారాబాద్ అనంతగిరికి పోవాలి. మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి కొలువున్న చోటు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అక్కడ కాళ్లకు పని ఉంటుంది. అనంతగిరి అడవిలో కాళ్లకంటే కళ్లకు పని ఎక్కువ. గుట్ట పైభాగమంతా ఎర్రటి మొరం. ఎండాకాలంలో అది గోలీలు పరిచిన గచ్చులా ఉంటుంది: కింద గట్టిగా, పైన దొర్లుతూ. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి మామూలు నేల మీద బండిని ఆపే సత్తా ముందు బ్రేకుదే. మొరం మీద అదే బ్రేకు ప్రమాదం. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే పడటమే. అందుకే వేగం తగ్గించే పనంతా మలుపుకు ముందే, తిన్నగా ఉన్నచోటే ముగించాలి. మలుపులో వేలు బ్రేకు మీద ఊరికే ఆని ఉండాలి, అంతే.

మొరం దిగి పొలాల్లోకి వస్తే నల్ల రేగడి. అదీ ఆ లావా రాయి అరిగి అయిన మట్టే. వాన పడిన మర్నాడు దాంట్లోకి దిగితే టైరుకూ ఫ్రేముకూ మధ్య మట్టి పేరుకుపోయి చక్రం తిరగడమే మానేస్తుంది. దీనికి కిటుకేమీ లేదు. ఆరేదాకా ఆగడమొక్కటే.

అదే పేరుతో ఇంకో అనంతగిరి ఉంది, అరకు దారిలో. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఇక్కడ రాయి లావా కాదు, అంతకంటే ఎన్నో రెట్లు పాతదైన ఖోండలైటు. 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ రైల్వే స్టేషను చూస్తే ఎక్కుడు ఎంతో తెలుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు చిన్న గేరుకు ముందే మారాలి. వాలు మీదికి వచ్చాక మారిస్తే చెయిన్ మొరాయిస్తుంది. నిలబడి తొక్కితే వెనక చక్రం పట్టు వదిలి గిర్రున తిరుగుతుంది. అందుకే సీటు అంచున కూర్చుని, ఛాతీని హ్యాండిల్ వైపు వంచి, ఒకే లయలో తొక్కుతారు.

ఈ కొండల మీద అటవీ శాఖ నాటిన పైన్ తోటల్లో పరీక్ష వేరు. రాలిన సూదుల్లాంటి ఆకులు నేలంతా మెత్తగా పరుచుకుంటాయి. కింద వేరుందో రాయుందో కనపడదు, పైగా ఎండిన ఆకు టైరు కింద నుంచి జారిపోతుంది. దిగుడులో రెండు పెడళ్లూ సమంగా ఉంచి లేచి నిలబడాలి. నడుము వెనక్కి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా. చూపు ముందు చక్రం దగ్గర కాదు, వెళ్లబోయే చోట ఉండాలి. వేరు అడ్డొస్తే దాని మీదుగా సూటిగా చక్రాన్ని దాటించాలి. ఏటవాలుగా తగిలిందా, తడి వేరు చక్రాన్ని పక్కకు లాగేస్తుంది. చెట్ల మధ్య సందు ఇరుకైతే తప్పించుకోవలసిన మాను వైపు చూడకుండా సందు వైపే చూడటం అన్నిటికంటే కష్టమైన సాధన. కన్ను పోయినచోటికే సైకిలు పోతుంది.

టైర్ల గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. రోడ్డు సైకిలుకు 80, 90 పౌండ్లు కొడితే కొండ సైకిలుకు 25 పౌండ్ల చుట్టుపక్కల చాలు. మెత్తగా ఉన్న టైరు రాయిని కరుచుకుంటుంది. మన మెట్ట ప్రాంతాల్లో సర్కారు తుమ్మ ముళ్ల బెడద ఎక్కువ కాబట్టి ట్యూబ్‌లెస్ టైరులో పంక్చరును లోపలే పూడ్చే ద్రవం పోసుకోవడం మంచిది. పంక్చరు ఎంతటివాళ్లనూ వదలదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కు పోటీ మధ్యలో టైరు పోయింది. చక్రం మార్పించుకుని వెనకబడినా, చివరి చుట్టులో ఫ్రాన్స్ రైడర్ కొరెట్‌స్కీని దాటి స్వర్ణం గెలిచాడు. ఆ పోటీ జరిగిన ఎలాన్‌కూర్ కొండ ఒకప్పటి క్వారీ. వదిలేసిన క్వారీలున్న మన ఊళ్లవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఈ ఆటకు నేల మీద బాధ్యత కూడా ఉంది. బ్రేకు బిగించి చక్రాన్ని ఈడిస్తే బాట మీద గాడి పడుతుంది, తొలకరి నీళ్లు దాన్ని వాగు చేస్తాయి. మారిన్ కౌంటీలోనే 1980లలో చాలా బాటల్లోకి సైకిళ్లను రానివ్వలేదు. ఆ దెబ్బతోనే కాలిఫోర్నియా క్లబ్బులు కలిసి 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్ పెట్టి, బాటలు వేయడం, బాగుచేయడం తమ పనిగా పెట్టుకున్నాయి. మన దగ్గర రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. వన సంరక్షణ సమితులకు బాటల నిర్వహణ అప్పగించి, రుసుము వాటికే చెందేలా చేస్తే అడవికీ ఊరికీ మేలు. ఇక అరకు కాలిబాటలు ఆటకోసం వేసినవి కావు, ఆదివాసీ పల్లెలవి. శీతాకాలం కాఫీ పండ్లు కోసే రోజులు కూడా. బస్తాలు మోస్తూ మనుషులు ఎదురైనప్పుడు సైకిలు దిగి పక్కకు నిలబడాల్సింది తొక్కేవాళ్లే.