కళింగంలో చెక్కని పశ్చాత్తాపం

అశోకుని గురించి చాలామందికి తెలియని విషయాలంటూ ఏర్చి కూర్చిన రచనలు తరచు వెలువడుతూ ఉంటాయి. రాజ్యం కోసం తొంభై తొమ్మిదిమంది సోదరులను చంపించాడనీ, పైకి రమ్యంగా కనిపించే చెరసాలలో నరకయాతనలు పెట్టించాడనీ, మనసు మారిన పిమ్మట 84,000 స్తూపాలు కట్టించాడనీ, చివరికి దానమివ్వడానికి సగం ఉసిరికాయ తప్ప మరేమీ మిగలలేదనీ వాటిలో కనిపిస్తుంది. ఆశ్చర్యం కలిగించే మాటలే. అయితే ఇవి అశోకుడు చెప్పుకొన్నవి కావు. సంస్కృతంలోని అశోకావదానం, సింహళంలో పాలిభాషలో రచించిన మహావంశం ఆయన తరువాత అనేక శతాబ్దాలకు చెప్పినవి. చండాశోకుడు ఎంత క్రూరుడైతే అతణ్ణి ధర్మాశోకునిగా మార్చిన సద్ధర్మం అంత మహిమ గలదిగా తోస్తుంది. ఆ కథల నిర్మాణ సూత్రం అదే. వాటిని కథలుగా చదవడంలో దోషం లేదు. చరిత్రగా అప్పగించడంలోనే ఉన్నది.

శాసనాలను పక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. సోదరులందరినీ సంహరించి ఒక్కణ్ణి మాత్రమే మిగిల్చాడని మహావంశం అంటుంది. 5వ శిలాశాసనం మాత్రం ధర్మమహామాత్రుల విధులను వివరిస్తూ, రాజు సోదరుల, అక్కచెల్లెళ్ల అంతఃపురాలలో కూడా వారు నియుక్తులై ఉన్నారని తెలుపుతుంది. అలాగే, కళింగ యుద్ధభూమిలో నిలుచున్న క్షణంలోనే రాజు బౌద్ధుడైపోయాడన్న చిత్రం పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. లఘు శిలాశాసనంలో రాజు స్వయంగా చెప్పినది ఇంత నాటకీయంగా లేదు. ఉపాసకుడై రెండున్నర సంవత్సరాలు దాటినా మొదటి ఏడాది గట్టిగా కృషి చేయలేదనీ, సంఘానికి చేరువైన తరువాతనే ఉద్యమించాననీ ఆయన ఒప్పుకొన్నాడు. తన అలసత్వాన్ని రాతిమీద చెక్కించిన చక్రవర్తి కథ, కల్పిత కథకంటె తక్కువ విశేషమైనది కాదు. 1వ శిలాశాసనంలో వంటశాల లెక్క కూడా ఇటువంటిదే. పూర్వం కూరకోసం నిత్యం లక్షల ప్రాణులను చంపేవారు. ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటిని కూడా చంపరు. పూర్తికాని మార్పును పూర్తికానిదిగానే ప్రకటించిన నిజాయితీ ఇందులో ఉన్నది.

వీటన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేయవలసిన విషయం మరొకటి ఉన్నది. కళింగ విజయంపై రాజు పశ్చాత్తాపం 13వ శిలాశాసనంలో ఉన్నది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు జరిగిన ఆ యుద్ధంలో 1,50,000 మందిని చెరపట్టి తరలించారనీ, 1,00,000 మంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్లు మరణించారనీ అది లెక్క చెబుతుంది. ఈ శాసనం గిర్నార్‌లో ఉన్నది, కాల్సీలో ఉన్నది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో, మాన్‌సెహ్రాలో ఉన్నది. కాందహార్‌లో దాని ఆరంభభాగం గ్రీకు భాషలో దొరికింది. కళింగంలో మాత్రం లేదు. భువనేశ్వర్ సమీపంలోని ధౌలి శిలపైన గాని, గంజాం జిల్లాలోని జౌగఢ శిలపైన గాని 11, 12, 13 శాసనాలను చెక్కలేదు. వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. ప్రజలందరూ తన సంతానమేననీ, అకారణంగా ఎవరినీ బంధించరాదనీ, హింసించరాదనీ రాజు అందులో అధికారులను హెచ్చరిస్తాడు. తిష్య నక్షత్రం నాడు దానిని చదివి వినిపించాలని కూడా ఆజ్ఞాపిస్తాడు.

అంటే గ్రీకు తెలిసినవారికి వినిపించిన పశ్చాత్తాపం, ఆప్తులను కోల్పోయినవారి శిలపైకి ఎక్కలేదు. అన్నీ అన్నిచోట్లా తగినవి కావని 14వ శాసనం ఒక సామాన్య సూత్రం చెబుతుంది గాని, ఈ ప్రత్యేక నిర్ణయానికి కారణం చెప్పదు. జితుల ఎదుట మృతుల సంఖ్య చదవడం పాలనకు క్షేమం కాదని తలచి ఉండవచ్చు. సిగ్గు కూడా అడ్డుపడి ఉండవచ్చు. కర్ణాటకలోని సన్నతిలో, ఒక దేవతా విగ్రహానికి పీఠంగా మారిన రాతిపలకపైన ఈ ప్రత్యేక శాసనాలు బయటపడడంతో, అవి కళింగానికి మాత్రమే ఉద్దేశించినవన్న పాత అభిప్రాయాన్ని సవరించుకోవలసి వచ్చింది. ధౌలి, జౌగఢలలోని లోటు మాత్రం అలాగే ఉన్నది.

పశ్చాత్తాపం చెక్కిన చోట కూడా రాజు రాజుగానే ఉన్నాడు. అదే 13వ శాసనంలో అటవికులను అనునయిస్తూనే, పశ్చాత్తప్తుడైనా తనకు దండించే శక్తి ఉన్నదని గుర్తుచేస్తాడు. మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు ఇచ్చినట్లు 4వ స్తంభశాసనం చెబుతుంది; అంటే మరణశిక్ష రద్దు కాలేదు. ఈ వాక్యాలను దాచిపెట్టి మహాత్ముణ్ణి తీర్చిదిద్దేవారూ, వీటినే ఎత్తిచూపి కపటిగా తేల్చేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. అధికారాన్ని వదలకుండా హింసను తగ్గించడానికి ఒక పాలకుడు పడిన యాతన ఇద్దరికీ కనిపించదు. బౌద్ధ అధ్యయనానికి అసలు విలువైనది ఆ యాతనే.

ఈ దృష్టికి అడ్డుపడుతున్నది అశోకావదానం ఒక్కటే కాదు. శాసనాల సంకలన పద్ధతి కూడా. పద్నాలుగు శిలాశాసనాలను వరుసగా అనువదించి ఒకే గ్రంథంగా అచ్చువేయడం పరిపాటి. ఆనాడు ధౌలిలో విన్నవారికి ఆ వరుస వినబడలేదు. చదువరి అక్కడ లేని పశ్చాత్తాపాన్ని అక్కడే ఊహించుకోవడానికి ఇదొక కారణం. ఏ శిలపైన ఏది ఉన్నదో, ఏది లేదో సంకలనం చూపవలసిన అవసరం ఉన్నది. లేనిచోట ఖాళీని ఖాళీగానే అచ్చువేయాలి.

తెలుగులో ఈ పనికి ప్రత్యేకమైన అర్హత ఉన్నది. గుత్తి, పత్తికొండల నడుమ ఉన్న ఎర్రగుడి బండలపైన పద్నాలుగు శిలాశాసనాలూ, లఘు శాసనాలూ ఉన్నాయి. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, మరికొన్ని కుడినుంచి ఎడమకూ సాగుతాయి. కళింగంలో లేని 13వ శాసనం, కొంత శిథిలమైనా, ఇక్కడ ఉన్నది. ధర్మాన్ని అనుసరిస్తున్న జనులలో ఆంధ్రులను పేర్కొన్న శాసనం కూడా అదే.

బైరాట్ శాసనంలో అశోకుడు భిక్షువులూ, భిక్షుణులూ, ఉపాసకులూ, ఉపాసికలూ పదేపదే వినవలసిన ఏడు ధర్మపాఠాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి అసత్యం విషయమై బుద్ధుడు రాహులునికి చేసిన బోధ. అశోకుని గురించి రాయబూనినవారు మొదట చదువుకోదగినది కూడా అదే.