నక్క తోక చూసేవాళ్లు

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. పాత ఆదిలాబాద్ జిల్లా కవ్వాల్ అడవిలో బీట్ వాచర్‌కు ఆ తోక కంటబడితే చాలు. ఒళ్లు బూడిద, తోక కొస నలుపు అయితే మన గుంటనక్క. కొస తెల్లగా ఉండే ఎర్రనక్క చలిచోట్లది, ఎడారులది, ఇక్కడి జన్నారం దాకా రాదు. నల్లటివి, వెండిరంగువి పుట్టేది ఎక్కువగా ఆ ఎర్రనక్కల్లో. అది జన్యువుల పని.

అందుకే ఇక్కడ ఎవరైనా ‘నల్లనక్కను చూశా’నంటే వాచర్ తొందరపడి నమ్మడు. వానకు తడిసిందా? బురదలో పొర్లిందా? గజ్జి పట్టి బొచ్చు రాలిందా? పంచతంత్రంలో నీలితొట్టిలో పడి రాజైన నక్క కథ ఈ మనిషి దగ్గర సాగేది కాదు!

2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. పులి కోసం చెట్లకు కట్టిన కెమెరాల్లో నక్కలూ పడతాయి. కానీ రాత్రిపూట పరారుణ కాంతిలో తీసిన ఫొటోలో రంగే ఉండదు, అంతా నలుపు తెలుపే. రంగు సంగతి తేలాలంటే మనిషి కన్నే కావాలి. ఆ కన్ను పొద్దున్నే బండిబాట దుమ్ము మీద ఉంటుంది. గోళ్ల గుర్తులు పడ్డాయా, కుక్కో నక్కో, పడలేదా, పిల్లిజాతి. వంగి చూస్తాడు, చెప్పేస్తాడు, నడుస్తాడు.