ఉలి పిడి
ఏటికొప్పాక లక్కబొమ్మను చూసినవాళ్లు రంగునూ నునుపునూ మెచ్చుకుంటారు. నా మెప్పు మాత్రం ఉలి పిడికే. గిర్రున తిరిగే అంకుడు కర్రలో మొన ఒక్కసారి ఇరుక్కుందంటే, ఆ కుదుపంతా ఉలిని ఆనించిన కడ్డీ మీదుగా పిడి మెడకు తగులుతుంది. ఉలి తోకకోసం తొలిచిన చోటు కదా, విరిగితే అక్కడే విరుగుతుంది. అందుకే నార పిడి పొడవునా తిన్నగా సాగిన, ముడిలేని కర్ర కావాలి. బెజ్జం వదులైతే ఉలి ఊగుతుంది, మరీ బిగువైతే పిడి చీలుతుంది. ఆ చీలికను ఆపేది మెడకు తొడిగిన ఇనప పొన్ను. పిడి ఎంత పొడవుంటే మొనను అదుపులో పెట్టడానికి అంత తక్కువ బలం చాలు. మొద్దుబారిన ఉలిని బలవంతంగా నెట్టేవాడి దగ్గర ఏ పిడీ నిలవదు లెండి! పిడి కదలకుండా నిలిస్తేనే గిలక్కాయకు గరుకుండదు, బొంగరం ఒరగకుండా తిరుగుతుంది.