సాక్ష్యం చెప్పే స్త్రీలు, వినని విమర్శ

తెలుగులో స్త్రీల ఆత్మకథల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం అచ్చయిన పుస్తకాల్నే లెక్కలోకి తీసుకుంటాం. అనంతపురం ప్రాంతంలో ఏ చర్చిలోనైనా, ఏ ఉపవాస కూడికలోనైనా ఒక స్త్రీ లేచి నిలబడి తన బతుకుని పదిమంది ముందు చెప్పుకోవడం మామూలే. దాన్ని సాక్ష్యం అంటారు. నేను విన్నవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. కూలికి వెళ్లేవాళ్లు, వానల్లేక వేరుశనగ పంట పోగొట్టుకున్నవాళ్లు, బెంగుళూరుకి వలసపోయి వచ్చినవాళ్లు. బడిమెట్లు ఎక్కనివాళ్లు కూడా కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసి చెబుతారు. ఇంత విస్తారమైన మౌఖిక కథనాన్ని స్త్రీవాద విమర్శ ఎందుకు పట్టించుకోలేదు?

మౌఖిక కథనం మనకి కొత్తేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. చరిత్ర రచననే ప్రశ్నించిన పుస్తకంగా దాన్ని గౌరవించాం. గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చినప్పుడు దళిత స్త్రీల సాహిత్యానికి ఎంత వెనకటి చరిత్ర ఉందో చూశాం. అయినా పోరాటం గురించి చెబితే చరిత్ర, ప్రభువు గురించి చెబితే ఉట్టి భక్తి అనే తేడా మనలో ఇంకా మిగిలే ఉంది.

సాక్ష్యానికి ఒక మూస ఉంది, నిజమే. ముందు చీకటి, ఒక కష్టం, ఒక ప్రార్థన, ఆ తర్వాత వెలుగు. మా అవ్వ సాక్ష్యం నాకు కంఠతా వచ్చు. "ఆయప్ప తాగొచ్చి కొడ్తావున్న్యాడు. ముగ్గురు బిడ్డల్నేసుకోని బాయికాడికి పోతి. ప్రభువే నన్ను ఎనక్కి మళ్లించినాడు" అని మూడు ముక్కల్లో తేల్చేసేది. వెనక్కి వచ్చాక ఆ ముగ్గుర్నీ కూలి చేసి పెంచింది ఆమే. సాక్ష్యంలో ఆ శ్రమంతా ప్రభువు ఖాతాలో పడిపోయేది. కానీ మొగుడు కొట్టాడని, చావబోయానని సంఘమంతా వింటుండగా, ఆ మొగుడు కూడా కూర్చున్న చోట, తలెత్తుకుని చెప్పే వీలు ఆమెకిచ్చింది ఆ మూసే. ఊళ్లో ఇంకే పంచాయితీ ఇవ్వలేదు. ఈ రెంటినీ కలిపి చదవాలి.

ఆ వీలుకి హద్దు కూడా ఉంది. స్త్రీ సాక్ష్యం చెప్పొచ్చు, వాక్యం చెప్పకూడదు అనే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. మోర్మన్ సంఘాల్లో సాధారణంగా నెలలో మొదటి ఆదివారం ఉపవాసముండి, చెప్పాలనిపించినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు, స్త్రీలు కూడా. యాజకత్వం మాత్రం పురుషులదే. గుత్తి, అనంతపురం వైపు లండన్ మిషన్ నాటిన సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో కలిశాయి. అందులో స్త్రీలకి గురుత్వాభిషేకం 1976లో మొదలైంది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్‌గా, ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్‌గా వచ్చారు. అనుభవం చెప్పే చోటు నుంచి అర్థం చెప్పే చోటుకి రావడానికి స్త్రీలకి ఇంత కాలం పట్టింది.

నేను విన్న సాక్ష్యాల్లో దాదాపు వినిపించని మాట కులం. మన విమర్శ దీన్ని వెంటనే చైతన్యలోపం అనేస్తుంది. నేనలా అనుకోవడంలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందూమతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు. క్రైస్తవులకి సడలింపు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులకి దక్కింది బి.సి. 'సి' గ్రూపులో ఒక్క శాతం. వాళ్లకి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది. 2024 నవంబరులో, ఎస్సీ సర్టిఫికెట్ కోసం పుదుచ్చేరి మహిళ ఒకరు వేసిన అప్పీలుని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆమె తీసుకున్న బాప్తిస్మం, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడం ఆమెకే ఎదురు తిరిగాయి. మతం మారినవాళ్లకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ కేసులో చెప్పింది.

సాక్ష్యం అన్న మాట చర్చిదే కాదు, కోర్టుది కూడా. తన కులమేదో, తను ప్రభువుని ఎప్పుడు అంగీకరించిందో ఒక దళిత స్త్రీ ఒకే ఊపులో చెప్పిందంటే, పిల్లల స్కాలర్‌షిప్పుకి, తన మీద దాడి జరిగితే పెట్టాల్సిన కేసుకి ఎసరు పెట్టుకున్నట్టే. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉన్న మనిషికి ఏది ఎక్కడ చెప్పకూడదో బాగా తెలుసు. ఆ మౌనం వెనక రాజ్యం గురించిన స్పష్టమైన అవగాహన ఉంది.

సొంత పేరుతో, సొంత గొంతుతో మాట్లాడమని స్త్రీవాదం మనకి నేర్పింది. పేరు చెప్పినందుకు హక్కు పోగొట్టుకునే స్త్రీని ఆ పాఠం ఊహించలేదు. నేను రికార్డు చేసిన సాక్ష్యాల్లో పేరు, ఊరు తీసేసే దాచుతున్నాను. అలాగైతే వాటికి ప్రామాణికత ఏముంటుందని సెమినార్లలో అడుగుతుంటారు. కర్త పేరు లేదని మనం దంపుళ్ల పాటల్ని సాహిత్యం నుంచి తీసేయలేదు కదా! ఈ సాక్ష్యాలనీ అలాగే చదవడం మొదలుపెడదాం. ఆమె చెప్పినదాన్నే కాకుండా, పిల్లల కోసం చెప్పకుండా ఆపుకున్నదాన్ని కూడా ఆమె రచనలో భాగంగానే చూద్దాం.