మర పాఠములో చెప్పని మాట

మరను గురించి పాఠశాలలలో సాధారణముగా చెప్పెడి పాఠము చిన్నది. స్తంభమునకు చుట్టిన వాలుతలమే మర. కొద్ది బలముతో గొప్ప భారమును కదల్చును. కావున అది సరళయంత్రము. ఇందులో తప్పు లేదు. కాని మోటారు సైకిలు ఇంజను మూతకు బిగించు బోల్టు పట్టు చిక్కక ఊరక తిరిగి, నూనె కారుచున్నప్పుడు, కామారెడ్డి విద్యార్థికి గాని ఎల్లారెడ్డి రైతుకు గాని ఈ పాఠము అక్కరకు రాదు. రంధ్రములోని మరచుట్లు, పనివారి మాటలో చూడీలు, ఎందుకు తెగినవో అది చెప్పదు.

6 మిల్లీమీటర్ల వ్యాసము, 1 మిల్లీమీటరు మరభ్రమణాంతరము గల బోల్టును 10 సెంటీమీటర్ల పానాతో, 10 కిలోల బరువుకు సమానమైన బలముతో బిగించుచున్నారనుకొందము. ఒక చుట్టులో చేయి 628 మిల్లీమీటర్లు కదలును. బోల్టు 1 మిల్లీమీటరు దిగును. పాఠము ప్రకారము లాభము 628 రెట్లు. నిజమునకు శ్రమలో సుమారు తొమ్మిది పదవ వంతులు ఘర్షణకే పోవును. అయినను బోల్టుపై పడు లాగుడు సుమారు 800 కిలోల బరువుకు సమానము. అందులో దాదాపు మూడవ వంతును మొదటి చుట్టే మోయవలెను. పానాకు గొట్టము తొడిగి పొడవును రెండింతలు చేసినచో లాగుడును రెండింతలగును. బోల్టు ఉక్కు; ఇంజను పెట్టె అల్యూమినియము. మెత్తనిదే ఓడును. పాఠము మెచ్చుకొను లాభమే రంధ్రమును చెరుపుచున్నది.

ఇండ్లలో చేయు చికిత్సలను ఈ దృష్టితోనే తూచవలెను. బోల్టుకు నూలు చుట్టుట సందును కప్పును గాని లాగుడును మోయదు. జిగురు నింపినచో ఇంజను వేడికి అది మెత్తబడును. 6.8 మిల్లీమీటర్లకు తొలిచి, ట్యాపుతో క్రొత్త చుట్లు కోసి, 8 మిల్లీమీటర్ల బోల్టు వేయుట సబబే. అయితే చుట్టును తగినంత లోహము మిగులవలెను, మూత రంధ్రమును కూడ పెంచవలెను. అన్నిటికన్న మేలైనది త్రుప్పు పట్టని ఉక్కు తీగచుట్ట. రంధ్రమును కొంచెము పెద్దదిగా నిటారుగా తొలిచి, ఆ చుట్టకు తగిన ట్యాపును కిరసనాయిలుతో తడుపుచు, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పవలెను. పొట్టు తుడిచి, చుట్టను దింపి, దాని తోకను విరిచి బయటికి తీయవలెను. అది ఇంజనులో పడరాదు. పాత బోల్టే మరల పట్టును. తీగచుట్ట వెలుపలి వ్యాసము పెద్దదగుటచే, లాగుడు ఎక్కువ అల్యూమినియముపై పరచుకొనును. అయితే బ్రేకు, హ్యాండిలు బోల్టుల విషయములో ఇంటి ప్రయోగము తగదు. అది నేర్పరియైన మెకానిక్కు పని.

కాబట్టి మర పాఠమును కొట్టివేయనక్కరలేదు, పూర్తి చేసిన చాలును. ఉపాధ్యాయుడు చెడిన నట్టు నొకదానిని తరగతికి తెచ్చి, 628 రెట్ల లాభము సుమారు 80 రెట్లకు ఎట్లు తగ్గినదో, ఆ మిగిలినది సైతము లోహమును ఎట్లు చీల్చినదో చూపవలెను. బలమును పెంచు ప్రతి యంత్రములోను ఆ బలమును మోయునది ఒకటుండును. దానిని చూపని పాఠము సగము పాఠమే.